ఎంత భవనానికి అంత పొయ్యి

పోయిన నెల ఒక పాత భవనం కింది అంతస్తులో రెస్టారెంటు నడుపుతున్నాయన వంటగది ఒకసారి చూసిపొమ్మంటే వెళ్లాను. వీధి తలుపు మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది: "గట్టిగా లాగండి." ఆ 'గట్టిగా' కింద రెండు గీతలు. లాగాను, తలుపు కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే ఒక్కసారిగా ఊడొచ్చినట్టు తెరుచుకుంది. వీధిలో గాలి నాకంటే ముందు లోపలికి దూరింది, బల్లల మీది కాగితపు రుమాళ్లు లేచి కిందపడ్డాయి. యజమాని అప్పటికే రెండుసార్లు వడ్రంగిని పిలిపించి బందులు సరిచేయించాడట. తలుపులో ఏ లోపమూ లేదు.

వంటగదిలో పొయ్యిల పైన పొగ పట్టే రేకు గొడుగు, అంటే హుడ్డు, ముందు అంచు కింద నుంచి పొగ జారి పైకప్పు వెంట పాకుతోంది. పైన ఫ్యాను హోరు మాత్రం తగ్గలేదు. "ఇంకా పెద్ద ఫ్యాను పెట్టిద్దామనుకుంటున్నాను సార్. ఎంత సైజు పెట్టమంటారు?" అన్నాడాయన. ఈ డక్టుల, అంటే గాలి గొట్టాల, పనిలో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. "ఇప్పుడున్న ఫ్యానుకే గాలి దొరకడం లేదండీ. ముందు అది ఎక్కణ్నుంచి తెచ్చుకుంటోందో చూద్దాం" అన్నాను. అక్కడి నుంచి వచ్చాక చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. పాత భవనాల్లో హోటల్ వంటగది పెట్టేవాళ్లూ, వాళ్లకు పనిచేసే మాలాంటివాళ్లూ లెక్కను వెనక నుంచి మొదలుపెడుతున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది. ముందు పొయ్యిలు కొంటాం, వాటికి తగ్గ హుడ్డు, హుడ్డుకు తగ్గ ఫ్యాను. లోపలికి వచ్చే గాలి సంగతి చివర్లో, డబ్బులు మిగిలితే. ఈ వరుస తిరగబడాలి. ఆ భవనం ఎంత గాలి లోపలికి తీసుకోగలదో ముందు తేల్చుకుని, ఆ అంకెకు లోబడి పొయ్యిలు ఎంచుకోవాలి.

ఆరు టన్నుల గాలి

బయటికి పోయిన గాలికి బదులుగా లోపలికి తెచ్చే గాలిని మేకప్ ఎయిర్ అంటాం. ఆ మాట వినగానే అదేదో అదనపు హంగు అనుకుంటారు. కొటేషన్‌లో దాన్ని వేరే వరుసలో రాస్తాం కాబట్టి కొట్టేయడమూ తేలికే. ఒక మామూలు వంటగదినే తీసుకుందాం. గోడకు ఆనించిన 10 అడుగుల హుడ్డు, కింద మధ్యరకం వేడి వంట. అమెరికాలో వాడే ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ పట్టిక ప్రకారం హుడ్డు పొడవులో అడుగుకు 300 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), మొత్తం 3,000. గంటకు దాదాపు 5,100 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగుతుంది. అంటే ఆ ఫ్యాను గంటకు 6 టన్నుల గాలిని బయటికి మోసేస్తోంది. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది అయితే అందులోని గాలంతా దాదాపు నిమిషానికోసారి మారిపోవాలి.

బయటికి పోయినంతా లోపలికి రావాల్సిందే. మనం దారి ఇస్తే ఆ దారిన వస్తుంది, ఇవ్వకపోతే తలుపు సందుల్లోంచి, కరెంటు పైపుల చిల్లుల్లోంచి, నీళ్లెండిపోయిన డ్రైనేజీ ట్రాపుల్లోంచి, మరుగుదొడ్డి వైపు నుంచి వస్తుంది. అదీ చాలకపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ లాగడం తగ్గిపోతుంది. దారి మూసుకుపోయిన చోట ఫ్యాను వేగం 25 శాతం పెంచితే కరెంటు ఇంచుమించు రెట్టింపు తింటుంది, ఒత్తిడి తేడా ఒకటిన్నర రెట్లు అవుతుంది, తలుపు ఇంకా బిగుసుకుంటుంది. పొగ మటుకు అక్కడే. పెద్ద ఫ్యాను అడిగినాయనకు ఇది కాగితం మీద వేసి చూపించాను.

ఆ రోజు ఒత్తిడి కొలిచే మానోమీటర్ పెట్టి చూస్తే వీధికీ లోపలికీ గాలి ఒత్తిడిలో తేడా 30 పాస్కల్స్. వినడానికి చిన్న అంకె. 2 చదరపు మీటర్ల తలుపు మీద అది 6 కిలోల బరువు, పిడి దగ్గర 3 కిలోల లాగుడు. తలుపును మూసే స్ప్రింగు బలం దీనికి తోడు. ఒక పెద్దావిడో, చంకలో బిడ్డను ఎత్తుకున్న మనిషో ఒంటిచేత్తో తీయగలిగే తలుపు కాదు అది. వంటగదుల అగ్నిభద్రతకు రాసిన ఎన్ఎఫ్‌పీఏ 96 ప్రమాణంలో ఈ తేడా 5 పాస్కల్స్ దాటకూడదని ఉంది. మా దగ్గర దానికి ఆరింతలు.

నన్ను నిజంగా భయపెట్టింది తలుపు కాదు, వంటగది పక్క గదిలో ఉన్న గ్యాస్ గీజర్. దాని పొగ ఒక గొట్టం గుండా దానంతటదే పైకి పోవాలి, ఫ్యాను సాయం లేదు. అలాంటి గొట్టానికి ఉండే లాగుడు కొద్ది పాస్కల్స్ మాత్రమే. అగరుబత్తి వెలిగించి గీజర్ పైనున్న గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాను. పొగ పైకి పోవాలి. పోలేదు, గొట్టంలోంచి దిగొస్తున్న వెచ్చటి గాలితో కలిసి నా ముఖం మీదికి వచ్చింది. గీజర్ మండినంతసేపూ అందులో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఆ గదిలోకే వస్తోంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గిన్నెలు తోమే అబ్బాయి పని ఆపి నా వైపే చూస్తున్నాడు. "మధ్యాహ్నం పూట తలనొప్పి వస్తోందన్నా, ఎండకేమో అనుకున్నా" అన్నాడు. గ్యాస్ వాల్వు అప్పటికప్పుడు మూసేయించాను. ఆ తలనొప్పి గ్యాస్ వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. మూయించడానికి ఆ రుజువు అక్కర్లేదు కూడా.

పాత గోడల చిల్లులు

ఇన్నేళ్లు ఏమీ కాలేదు కదా అంటారు. నిజమే, అందుకు కారణమూ ఉంది. పాత భవనం గాలి ఆడే భవనం. చెక్క కిటికీల సందులు, సరిగా మూతపడని వెంటిలేటర్లు, మెట్ల దారి, వాడకం మానేసిన పాత పొగగొట్టాలు. ఎవరూ లెక్క కట్టకుండానే ఇవన్నీ హుడ్డుకు గాలి అందించేవి. నిన్నటిదాకా మేకప్ ఎయిర్ ఆ భవనం ఉచితంగా ఇచ్చింది, అది ఇస్తోందని మనకు తెలియదు.

నాలుగైదేళ్ల కింద మరో చోట ఇదే చూశాను. చాలాకాలంగా ఏ గొడవా లేని వంటగది. ఉన్నట్టుండి పొగ బయటికి పోవడం మానేసింది. బెల్టు మార్చారు, ఫిల్టర్లు కడిగారు, మోటారు విప్పించారు. మా మనిషి డక్టులోకి తల దూర్చి జిడ్డు గీకాడు. ఏం చేసినా అంతే. సాయంత్రం బయటికొచ్చి నిలబడి భవనం వైపు చూస్తే అప్పుడు తట్టింది. పై అంతస్తుల్లోనూ కింద హాల్లోనూ పాత చెక్క కిటికీలు తీసేసి రబ్బరు బిగింపుల అద్దాల కిటికీలు పెట్టారు. కరెంటు ఆదా కోసం, వీధి రొద తగ్గడం కోసం. మంచి పనే. కానీ వంటగది గాలి ఆగిపోతుందని ఆ కిటికీల మేస్త్రీకి ఎవరు చెప్తారు? వంటగది వాళ్లకు కిటికీల సంగతి ఎవరు చెప్తారు?

పాత భవనంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్త భవనమైతే వంటగదికి షాఫ్టు, అంటే డక్టులు పైకి పోయే నిలువు ఖాళీ, ముందే గీస్తారు. ఇక్కడ షాఫ్టు ఉండదు, అంతస్తు ఎత్తు తక్కువ, దూలం కింద డక్టు దూరదు. కప్పు మీద యూనిట్ పెడదామంటే ఆ స్లాబు ఎంత మోస్తుందో చెప్పే కాగితం ఉండదు. ముందు గోడకు చిల్లు పెట్టనివ్వరు. వెనక సందులోంచి గాలి తీసుకుందామంటే పక్కవాళ్ల ఎగ్జాస్టు సరిగ్గా అక్కడే ఊదుతుంటుంది. జిడ్డు గాలి వదిలే చోటికీ తాజా గాలి తీసుకునే చోటికీ మధ్య కనీసం 10 అడుగులు ఉండాలన్నది నియమం. వెడల్పంతా కలిపినా 10 అడుగులు లేని సందుల్లో నేను టేపు పట్టుకుని నిలబడ్డాను.

వెనక తలుపు తీసి ఉంచితే చాలదా?

నాకు తరచూ వచ్చే ఎదురు ప్రశ్న. దీన్ని కొట్టిపారేయలేను. ఎన్నో చిన్న వంటగదులు తెరిచిన తలుపు మీదే బతుకుతున్నాయి, అందులో కొన్ని బాగానే నడుస్తున్నాయి. కాబట్టి ఒకసారి లెక్క చూద్దాం. గంటకు 5,100 ఘనపు మీటర్లు 5 పాస్కల్స్ లోపల రావాలంటే అడ్డు లేని ఖాళీ 0.8 చదరపు మీటరు పైచిలుకు కావాలి. వాన పడకుండా లూవర్ పెడితే దాని రేకులే సగం చోటు తినేస్తాయి, కాబట్టి 1.6. దోమల జాలీ వేస్తే ఇంకా పెంచాలి, ఆ జాలీకి నూనె దుమ్ము పడితే వారం వారం కడగాలి. అంటే పూర్తిగా తెరిచిన ఒక తలుపు. సగం తెరిచి సీసాల పెట్టె అడ్డుపెట్టిన తలుపు కాదు.

అంత ఖాళీ ఉండి, వాతావరణం హాయిగా ఉండి, తలుపు పొయ్యిలకు దూరంగా ఉంటే నేను వద్దనను. కానీ ఈ మూడూ కలిసి ఏడాదిలో ఎన్నాళ్లుంటాయి? చలి రోజున వంటవాళ్లు మొదట చేసే పని ఆ తలుపు మూయడం. గాలి వీచిన రోజున అది పొయ్యి మీది ఆవిరిని పక్కకు తోసేస్తుంది, హుడ్డు కింది నుంచి తప్పించుకున్న పొగ హాల్లోకి వస్తుంది. ఎలుకలు, ఈగలు, రాత్రి పూట దొంగల భయం సరేసరి. అది అగ్నిప్రమాదం వస్తే ఆపాల్సిన తలుపు అయితే తెరిచి ఉంచడమే తప్పు. మనుషుల ఓపిక మీద, వాతావరణం దయ మీద ఆధారపడిన గాలిని నేను లెక్కలోకి తీసుకోలేను.

డైనింగ్ హాలు గాలి వాడుకోవచ్చు కదా అనే మాటకు మాత్రం నేను పూర్తిగా తలూపుతాను. అది ఎలాగూ చల్లబరిచిన గాలే, జనం కోసం తెచ్చిందే. వంటగది హాలుకంటే కొంచెం తక్కువ ఒత్తిడిలో ఉంటేనే వాసనలు హాల్లోకి రావు కూడా. అయితే అది ఎంత? 100 చదరపు మీటర్ల హాలు, 60 మంది కూర్చునే చోటు అనుకుంటే, గదుల్లోకి తాజా గాలి ఎంత కావాలో చెప్పే ఆష్రే 62.1 ప్రమాణం లెక్కన బయటి నుంచి తేవాల్సిన గాలి గంటకు సుమారు 1,100 ఘనపు మీటర్లు. మన హుడ్డు అవసరంలో ఐదో వంతు. మిగతా నాలుగు వంతులకు దారి వెతకాల్సిందే.

గ్రిల్ మీద అట్టముక్క

సరే, ఫ్రెష్ ఎయిర్ బ్లోయర్ పెట్టించారనుకోండి. అక్కడితో అయిపోయిందని నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ని.

నేనే డక్టు గీసిన ఒక వంటగదికి ఆరు నెలల తర్వాత వెళ్లాను. పొయ్యిల వరుసకు ఎదురుగా, వంట మాస్టారు నిలబడే చోటికి నేరుగా పైన, చతురస్రపు గ్రిల్ ఉంది. దాని నిండా సరుకుల పెట్టెలోంచి కోసిన అట్టముక్క. నాలుగు వైపులా బ్రౌను టేపు, టేపు అంచులకు దుమ్ము, మధ్యలో నూనె ఉబికి అట్ట పారదర్శకంగా మారింది. టేపు మీద టేపు మూడు పొరలున్నాయి. ఊడిన ప్రతిసారీ మళ్లీ అంటించారన్నమాట. "మెడ మీద పడుతోందండీ, చలికాలంలో మంచునీళ్లు పోసినట్టుంది. ఎనిమిది గంటలు దాని కిందే నిలబడాలి" అన్నారు మాస్టారు. ఆయన చేసింది తప్పని నేను అనలేకపోయాను. తప్పు నా డ్రాయింగులో ఉంది.

బయటి గాలిని ఉన్నదున్నట్టు తెచ్చి మనిషి నెత్తిన పోస్తే ఎవరైనా మూసేస్తారు. లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉన్న రోజున ఆ 6 టన్నుల గాలిని గది వేడికి తేవాలంటే దాదాపు 34 కిలోవాట్లు కావాలి. చల్లబరచాల్సి వస్తే గాలిలోని తేమ తీయడానికయ్యే ఖర్చు దానికి అదనం. చాలామంది వెనకడుగు వేసేది ఈ అంకె దగ్గరే, వాళ్లను నేను తప్పుపట్టను.

పైగా గాలి ఎక్కడ వదిలామన్నది ఎంత వదిలామన్నదాని కంటే తక్కువ విషయం కాదు. హుడ్డు దగ్గర వేగంగా ఊదే గ్రిల్ పెడితే అది పొయ్యి మీంచి లేచే సెగను చీల్చి బయటికి తోసేస్తుంది. అప్పుడు హుడ్డు లాగడం లేదని ఫ్యాను పెంచుతారు, దానికి సరిపడా ఊదే గాలీ పెంచుతారు, గొడవ రెట్టింపవుతుంది. చిల్లుల రేకు లోంచి, ఎక్కువ వెడల్పున, చేతికి తెలిసీ తెలియనంత మెల్లగా దిగాలి. హుడ్డు లోపలికే గాలి ఊదే షార్ట్ సర్క్యూట్ హుడ్లు అమ్మేవాళ్లున్నారు. చల్లబరిచే ఖర్చు ఉండదంటారు. ఆ గాలి పొగను పట్టుకోవడానికి పనికిరాదు, వచ్చిన దారినే పోతుంది. అలా ఊదే గాలి హుడ్డు లాగే గాలిలో 10 శాతం దాటకూడదని, భవనాల్లో కరెంటు, ఇంధనం ఆదాకు రాసిన ఆష్రే 90.1 ప్రమాణం కట్టడి పెట్టింది కూడా.

ఆ అట్టముక్క తీసేయించి గ్రిల్‌ను గది అవతలి గోడకు మార్పించాను, నా ఖర్చుతోనే. బ్లోయరు, ఎగ్జాస్టు కలిసే తిరిగేలా ఇంటర్‌లాక్ అప్పటిదాకా లేదు, అదీ పెట్టించాను.

పొయ్యి దగ్గర మొదలుపెడితే

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే నేను పొయ్యి వైపు తిరిగాను. లోపలికి తేవడం అంత కష్టమైనప్పుడు బయటికి పంపేదాన్నే తగ్గించకూడదా? 'ఎంత చెట్టుకు అంత గాలి' అంటాం. ఇక్కడ చెట్టును మనమే నాటుతున్నాం, ఎంత పెద్దది నాటాలన్నది మన చేతుల్లో ఉంది.

అదే పట్టికలో గోడ హుడ్డుకు తేలికరకం వంటకు అడుగుకు 200 సీఎఫ్ఎం, మధ్యరకానికి 300, భారీ వంటకు 400, కట్టెలు బొగ్గుల మీదైతే 550. అదే మధ్యరకం వంట గది మధ్యలో, నాలుగు వైపులా ఖాళీగా వేలాడే హుడ్డు కిందైతే 500. అంటే పొయ్యిల వరుసను గది మధ్య నుంచి గోడకు జరిపితే, ఒక్క ఇటుక కదపకుండా, తేవాల్సిన గాలిలో ఐదింట రెండు వంతులు తగ్గిపోతుంది. బొగ్గు పొయ్యి మానేస్తే ఇంకెంతో. హుడ్డు రెండు చివర్లా పక్క రేకులు బిగించడం, పొయ్యిని వెనక గోడకు పూర్తిగా నెట్టడం, బాగా సెగ కొట్టేవాటిని హుడ్డు చివర్లో కాకుండా మధ్యలో పెట్టడం, మంట బదులు ఇండక్షన్ వాడటం. ఒక్కోటీ చిన్న పనే. ఇవన్నీ చేశాక పాత భవనంలో సాధ్యం కాదనుకున్న డక్టు సాధ్యమైన సందర్భాలు చూశాను. వంట తక్కువగా ఉన్న వేళ రెండు ఫ్యాన్లూ కలిసి నెమ్మదించే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. 80 శాతం వేగంతో తిరిగే ఫ్యాను సగం కరెంటే తింటుంది.

దీనికి వంటవాళ్ల నుంచి గట్టి అభ్యంతరం వస్తుంది. "మంట లేకుండా ఆ రుచి రాదు. భవనం చెప్పినట్టు నేను వండాలా?" అని ఒకాయన నా మీద కోప్పడ్డాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఒక మనిషి ఇరవై ఏళ్లు నేర్చుకున్న పనిని సీఎఫ్ఎం పట్టిక చూపించి మార్చమనడం చిన్న మాట కాదు. ఆయనకు మంటే కావాలంటే అంత గాలి తీసుకోగల చోటు వెతుక్కోవాలి, ఈ చోటే కావాలంటే మంట తగ్గించుకోవాలి. రెండూ కావాలనుకుంటే మధ్యలో నలిగేది ఆ గిన్నెలు తోమే అబ్బాయి.

అద్దె కాగితంలో లేని అంకె

యజమానుల కష్టం నాకు తెలియనిది కాదు. చోటు అద్దెకు తీసుకుని, అడ్వాన్సు కట్టి, పొయ్యిలు దించాక నేను వెళ్లి గాలి దారి లేదంటే వాళ్లేం చేయాలి? అందుకే ఈ లెక్క అద్దె కాగితం మీదే ఉండాలంటాను. కరెంటు ఎన్ని కిలోవాట్లో రాస్తారు, నీళ్ల కనెక్షన్ సైజు రాస్తారు. గాలి లోపలికి రావడానికి ఎంత దారి ఉందో, షాఫ్టు ఎవరిదో, కప్పు మీద ఎంత బరువు పెట్టొచ్చో మాత్రం రాయరు. వంటగదికి పనికొస్తుందని చెప్పి చోటు అద్దెకిచ్చేవాళ్లు ఆ మాటకు ఒక అంకె జోడించాలి. ఆ ఒక్క అంకె ముందే తెలిస్తే, ఎన్ని పొయ్యిలు కొనాలో అద్దెకు దిగేవాళ్లకే తెలిసిపోతుంది. ఇలా అడగడం మొదలైతే పాత భవనాలకు హోటళ్లు రావడం మానేస్తాయని నాకు తెలిసిన ఒక బ్రోకరు వాదించాడు. కొన్ని రాకపోవచ్చు. భారీ మంటలకు చాలని చోట తేలికరకం వంటలు చేసుకునేవాళ్లు వస్తారు, వాళ్లు ఎక్కువకాలం ఉంటారని నా నమ్మకం.

ఆ "గట్టిగా లాగండి" రెస్టారెంటులో వెనక వైపు మెట్ల పక్కన ఇటుకలతో కట్టి వదిలేసిన పాత వెలుతురు గూడు ఒకటి దొరికింది. కింద వంటగది గోడ వెనక నుంచి కప్పు దాకా పోతుంది. టార్చి వేసి చూస్తే పావురాల చెత్త, విరిగిన పెంకులు. అడ్డంగా పైపులేమీ లేవు. టేపు వేసి కొలిస్తే గంటకు 3,400 ఘనపు మీటర్లు హాయిగా దిగే వెడల్పుంది. హాలు గాలితో కలిపితే 4,500. హుడ్డు అడిగే 5,100కు ఆ 600 తక్కువ పడుతోంది. యజమాని రెండు రోజులు ఆలోచించి, చివరనున్న పొయ్యి తీసేసి హుడ్డు ఆ మేరకు కత్తిరించడానికి ఒప్పుకున్నాడు. గూడు వాడుకోవడానికి భవనం సొంతదారు అనుమతి ఇంకా రాలేదు, ఉత్తరం నేనే రాసిచ్చాను. అది వచ్చేదాకా గీజర్ వాల్వు మూసే ఉంటుంది. గిన్నెలకు వేడినీళ్లు కరెంటు మీద కాస్తున్నారు.